పెరటిచెట్టు, పరాయి యింజను: మీటియరు విమాన చరిత్ర

(యంత్రవిద్యార్థుల సభలో జేసిన యుపన్యాసము)



పెరటిచెట్టు మందునకు బనికిరాదని మనవారి సామెత. ఇది మన దేశమునకు మాత్రమే చెల్లునని చాలమంది తలంచుచుందురు. ఇంట బుట్టిన ప్రజ్ఞను గాలదన్ని, సముద్రములు దాటి వచ్చినదానికి హారతు లెత్తుట మన జాతికి బుట్టుకతో వచ్చిన రోగమని మనలను మనమే నిందించుకొనుట పరిపాటి యైనది. కాని మనలను రెండువందల యేండ్లు పాలించిన యింగ్లండులో సైతము ఈ రోగము లేకపోలేదు. ఆ దేశపు తొలి జెట్టు యుద్ధవిమానమగు గ్లాస్టర్ మీటియరు చరిత్రయే దీనికి సాక్ష్యము. మీటియరు అనగా ఉల్క. ఆ యుల్క యెట్లు పుట్టెను, ఎవరిచే నిర్లక్ష్యము చేయబడెను, తుద కేమయ్యెను, అందు మనము నేర్వవలసిన దేమి యను విషయమును మీకు విన్నవింతును.

మొదట నీ యంత్రతత్త్వమును గ్రహింతము. పూర్వపు విమానములన్నియు విసనకఱ్ఱవంటి ప్రొపెల్లరుపై నాధారపడినవి. మోటారుకారునందువలెనే యింజనులో పిస్టనులు పైకిని క్రిందికిని ఆడును. ఆ యాట ప్రొపెల్లరును ద్రిప్పును. అది గాలిని వెనుకకు నెట్టి విమానమును ముందునకు లాగును. ఈ పద్ధతికి రెండు హద్దులు గలవు. ఎత్తు పెరిగినకొలది గాలి పలుచనై యింజనునకు ఊపిరి చాలదు. వేగము పెరిగినకొలది ప్రొపెల్లరు కొనలు ధ్వనివేగమును సమీపించి, గాలిపై పట్టు కోల్పోవును. ఇంజను నెంత పెద్దది చేసినను ఈ గోడను దాటుట దుస్సాధ్యము.

జెట్టుయంత్రపు త్రోవ వేఱు. కమ్మరి కొలిమిని దలచుకొనుడు. తిత్తి గాలి నూదును, బొగ్గు మండును, వేడి పుట్టును. జెట్టుయంత్రము ముందరి నోటితో గాలిని బీల్చి, గిఱ్ఱున దిరుగు చక్రముతో దానిని గట్టిగా నదిమి, మంటగదిలోనికి బంపును. అచట కిరసనాయిలువంటి చమురు మండును. కాగి వ్యాకోచించిన వాయువు వెనుక గొట్టమునుండి ప్రచండవేగమున వెలికి దుముకును. దాని ప్రతిక్రియచే విమానము ముందునకు సాగును. పోవుదారిలో నా వాయువు టర్బైను అను మఱొక చక్రమును ద్రిప్పును. ముందున్న చక్రమును ద్రిప్పునది యిదియే. అనగా ఈ కొలిమి తన తిత్తిని దానే త్రొక్కుకొనును. చెప్పుట కింతయే. కాని యెఱ్ఱగా గాలుచు, నిమిషమునకు వేల పర్యాయములు తిరుగుచు, విఱుగక సాగక నిలువగల టర్బైను రెక్క కేది లోహము? సమస్త కష్టమును ఆ చిన్న రెక్కలో నున్నది. ఈ మాట మఱువకుడు. తుదిని మరల దీనికడకే వత్తుము.

ఈ యూహను యంత్రముగ మలచిన యాంగ్లేయుడు ఫ్రాంక్ విట్టిల్. అతడు 1907లో కోవెంట్రీ నగరమున నొక పనివాని యింట జన్మించెను. పొట్టివాడని వాయుసేనవారు మొదట ద్రోసివైచిరి. పట్టు విడువక, 1923లో పనినేర్చు కుఱ్ఱవాడుగ జేరి, ప్రతిభచే క్రాన్‌వెల్ కళాశాలలో అధికారి శిక్షణకు ఎన్నికయ్యెను. 1928లో, ఇరువది యొకటవ యేట, భావి విమానముల గూర్చి యొక వ్యాసము వ్రాసెను. పలుచని గాలిలో, మిక్కిలి యెత్తున, అద్భుతవేగమున పోవు విమానములకు పిస్టను చాలదని యందలి సారము. మఱుసటి యేట టర్బైను జెట్టు యూహ స్ఫురింపగా, దానిని విమానమంత్రిత్వశాఖ వారి ముందుంచెను. వారి నిపుణుడు ఎ. ఎ. గ్రిఫిత్ పండితుడే, టర్బైను శాస్త్రమున దిట్టయే; కాని యీ యూహ ఆచరణసాధ్యము గాదని తేల్చెను. 1930 జనవరిలో విట్టిల్ తనంతట తాను పేటెంటు కొఱకు దరఖాస్తు పెట్టుకొనెను. ప్రభుత్వమునకు దానియం దాసక్తి లేకపోవుటచే రహస్యముగ నుంచుట కూడ జరుగలేదు. కొలదికాలములోనే యది యచ్చుపడి, ఏ దేశమువాడైనను చదువుకొనదగిన పత్రమయ్యెను.

1935లో నా పేటెంటును గొనసాగించుటకు రుసుము చెల్లింపవలసివచ్చెను. ఎంతయని తలంచెదరు? 5 పౌనులు. మంత్రిత్వశాఖ యీయదయ్యె. విట్టిల్‌కు పెండ్లాము బిడ్డలు గలరు. జీతము సంసారమునకే చాలదు. అతడును చెల్లింపలేదు. పేటెంటు చెల్లిపోయెను. ప్రపంచమును జుట్టిన సామ్రాజ్యము తన యాకాశము నేలగల యంత్రముపై హక్కును 5 పౌనులకై జాఱవిడిచెను. ఢిల్లీ దర్బారుల వెలుగులను, ఈ యైదు పౌనుల చీకటిని ప్రక్కప్రక్కన బెట్టి చూచినచో, ఐశ్వర్యమునకును దూరదృష్టికిని సంబంధము లేదని మీకు దోచకమానదు.

విట్టిల్‌ను మరల నిలువబెట్టినవారు వాయుసేన నుండి బయటికి వచ్చిన యిరువురు మిత్రులు, విలియమ్స్, టిన్లింగు అనువారు. వారి యుద్యోగముచే 1936లో పవర్ జెట్స్ అను చిన్న సంస్థ వెలసెను. అప్పుడు విట్టిల్ వాయుసేన యధికారిగనే కేంబ్రిడ్జిలో జదువుచుండెను. తన యంత్రముపై వారమునకు ఆఱు గంటలకు మించి పనిచేయరాదని పైవారు నియమము పెట్టిరి! నియమమున కేమి, మనసు గడియారము చూడదు గదా. 1937 ఏప్రిల్ 12వ తేదీన రగ్బీ పట్టణమున నా యంత్రము మొదటిసారి తిరిగెను. లోపల నిలిచియున్న చమురు మండుటచే అది యదుపు దప్పి వేగము పెంచుకొని, అఱవసాగెను. చుట్టునున్నవారు పరుగిడిరి. విట్టిల్ మాత్రము మీటల కడనే నిలిచెను. ఆ నిలుకడయే యీ కథకు మూలస్తంభము.

ఇంతలో జర్మనీలో హాన్స్ ఫాన్ ఓహైన్ అను యువకుడు వేఱుగా ఇట్టి యంత్రమునే నిర్మించుచుండెను. అతనికి హైన్‌కెల్ అను విమాననిర్మాత అండయై నిలిచెను. 1939 ఆగస్టు 27న, అనగా యుద్ధమునకు గొలదిదినములు ముందు, జర్మనుల హైన్‌కెల్ 178 జెట్టుబలముచే ఎగిరిన తొలి విమానమయ్యెను. ఆ వేసవిలోనే యింగ్లండు ప్రభుత్వమునకు గన్ను తెఱపు గలిగెను. శాస్త్రశాఖాధిపతి డేవిడ్ పై స్వయముగ వచ్చి, యంత్రము నిలుకడగ దిరుగుట జూచి, సందేహము వీడెను. గ్లాస్టరు సంస్థకు చెందిన జార్జి కార్టర్ ప్రయోగవిమానమునకు రూపకల్పన చేసెను. 1941 మే 15న సాయంకాలమున జెరీ సేయర్ దానిని 17 నిమిషములు నడపెను. ఎక్కడ? క్రాన్‌వెల్‌లో. పదుమూడేండ్ల క్రిందట విద్యార్థిగ విట్టిల్ వ్యాసము వ్రాసిన చోటనే.

ఇక యుద్ధవిమానము. తొలి యింజనుల బలము స్వల్పము, ఒకటి చాలదు. కాబట్టి కార్టర్ రెక్కకొక్కటిగ రెండింజనులు గల విమానమును గల్పించెను. మొదట దీనికి పిడుగు అని యర్థమిచ్చు నాంగ్లనామ మొకటి తలపెట్టి, అమెరికావా రాపేరు తమ విమానమునకు బెట్టుకొనుటచే మీటియరుగ మార్చిరి. విమానము సిద్ధమైనను ఇంజను సిద్ధము గాలేదు. తయారీ మోటారుకారుల సంస్థయగు రోవర్‌కు అప్పగింపబడెను. పవర్ జెట్స్ వారికిని రోవరు వారికిని పొత్తు కుదురలేదు. వారు గీసిన నమూనాను వీరు మార్చిరని కలహము; రెక్కలు విఱుగుట, గాలి యెదురుతన్నుట వంటి చిక్కులు వేఱు. తుదకు రోల్స్‌రాయిస్ సంస్థ పెద్ద హైవ్స్, రోవరు సంస్థ పెద్ద విల్క్స్ ఒక పూట భోజనముచేయుచు బేరము కుదుర్చుకొనిరి. రోవరు జెట్టుపని విడిచిపెట్టును. రోల్స్‌రాయిస్ తన యుద్ధట్యాంకుల యింజను కర్మాగారమును బదులిచ్చును. 1943 తొలిదినములలో బార్నాల్డ్స్‌విక్ కర్మాగారము చేతులు మాఱెను. స్టాన్లీ హూకర్ అను గణితవేత్త ఆ పనికి నాయకుడయ్యెను. కొన్నేండ్లుగ నడువని పని కొన్ని నెలలలో నడచెను. జెట్టులో వాయువు నదివలె పాఱును గనుక, ఆ యింజనులకు వెల్లాండ్, డెర్వెంట్, నీన్ అని యింగ్లండు నదుల పేర్లు పెట్టిరి.

1943 మార్చి 5న మైకేల్ డాంట్ మీటియరును తొలిసారి క్రాన్‌వెల్‌లో ఎగిరించెను. వెల్లాండ్ యింకను కుదురుకొననందున, ఆనాడు అమర్చినది డిహావిలండ్ సంస్థవారి యింజను. 1944 జూలైలో 616వ దళమునకు మీటియర్లు చేరెను. అప్పటికి లండనుపై జర్మనుల వి-1 ఎగిరెడు బాంబులు పడుచుండెను. మనుష్యుడు లేని యా బాంబులను వెంటాడుటయే మీటియరునకు మొదటి పని. ఆగస్టు 4న డీన్ అను వైమానికుడు ఒక బాంబు వెన్నంటి పోగా, అతని ఫిరంగులు మొరాయించెను. అతడు బాంబు సరసకు జేరి, తన రెక్కతో దాని రెక్కను ఎత్తి, దానిని దల్లక్రిందులు చేసి నేల గూల్చెను. సాహసగాథగ నిది ప్రసిద్ధము. కాని సత్యము చెప్పవలసివచ్చినచో, ఆ తొలి మీటియరు వేగము నాటి యుత్తమ పిస్టను విమానములకంటె నంతగ మించినది కాదు. యంత్రము శత్రువులచేత జిక్కునను భయమున చాలకాలము దానిని శత్రుభూమిపైకి బంపలేదు. 1945లో బెల్జియమునకు బంపినను, జర్మనుల జెట్టు మెస్సర్‌ష్మిట్ 262తో నది యొక్కసారియు దలపడలేదు.

ఆ జర్మను విమానము వేగమున మీటియరును మించినదే. ఐనను దాని యింజనులు కొలదిగంటలకే చెడిపోవుచుండెను. కారణము విద్యాలోపము గాదు. నికెలు మొదలగు లోహములు యుద్ధమువలన జర్మనీకి గఱవయ్యెను. ఇంగ్లండు లోహశాస్త్రజ్ఞులో, నికెలు ప్రధానముగ నిమోనిక్ అను మిశ్రలోహమును సిద్ధపఱచి, రెక్కలను గాపాడుకొనిరి. ఇందువలన మనకు దెలియవలసినది యిది. విమానమును గెలిపించునది దాని యాకారము కాదు, ఇంజను. ఇంజనును గెలిపించునది లోహము. లోహమును గెలిపించునది యేండ్లతరబడి కొలిమి యెదుట నిలుచు నోపిక.

యుద్ధానంతరము మీటియరు కీర్తి మిన్నుముట్టెను. 1945 నవంబరు 7న విల్సన్ దానిని గంటకు 606 మైళ్ల వేగమున నడపి ప్రపంచరికార్డు స్థాపించెను. మొత్తము సుమారు 3,900 మీటియర్లు తయారయ్యెను; పెక్కుదేశములు కొనెను. కాని కీర్తిగాథలు చదువునపుడు వేఱొక లెక్కయు జూడవలయును. బ్రిటిషు వాయుసేనలోనే 800కు మించి మీటియర్లు నష్టమై, 400కు మించి వైమానికులు మరణించిరి. అందు పెక్కురు యుద్ధమున గాదు, శిక్షణలో. రెండింజనులలో నొకటి యాగినచో, తక్కువ వేగమున విమానము ప్రక్కకు దిరిగి కూలుచుండెను. ఆ యాపదను దప్పించుకొను విధము నేర్పుటకు ఇంజను నాపి చేయించు నభ్యాసమే యనేకులను బలిగొనెను. తొలి రకములలో వైమానికుని వెలికి విసరు పీట సైతము లేదు. 1946 జూలైలో బెర్నార్డ్ లించ్ మీటియరు నుండియే యట్టి పీటపై వెలికి దుమికి చూపెను. ఎనిమిదవ రకము వచ్చిన పిదప గాని యది యుద్ధదళములకు లభింపలేదు. క్రొత్త యంత్రము తన మూల్యమును మనుష్యుల యాయువుతో వసూలు చేయును. ఆ మూల్యమును దగ్గించుటయే యింజనీరు ధర్మము.

ఇక నీ కథలో మన కెఱిగిన పెద్దమనిషి యొకరు ప్రవేశించును. 1942 మార్చిలో రాయబారముతో ఢిల్లీకి వచ్చి రిక్తహస్తములతో మరలిన సర్ స్టాఫర్డ్ క్రిప్స్! ఆ యేటి చివర నాయన విమానోత్పత్తి మంత్రియై, 1944లో పవర్ జెట్స్ సంస్థను జాతీయము గావించెను. ఇంజనులు నిర్మించు పని దానినుండి తొలగింపబడి, పరిశోధన మాత్రము మిగిలెను. 1946లో విట్టిల్ మనసు విఱిగి రాజీనామా యిచ్చెను. అనంతరము 1948లో బిరుదును, లక్ష పౌనుల బహుమానమును దొరకెను. పెరటిచెట్టునకు తుదకు నీరు పోసిరి. కాని అప్పటికే వేళ్లు పెరికివేసిరి. అతడు 1976లో అమెరికాకు వలసపోయి, 1996లో నచటనే కన్నుమూసెను.

అదే క్రిప్స్ 1946లో వాణిజ్యమంత్రి. మంత్రిత్రయములో నొకడుగ మనదేశమునకు వచ్చినదియు ఆ యేటనే. అప్పుడు నీన్, డెర్వెంట్ ఇంజనులను సోవియట్ రష్యాకు అమ్ముట కాయన ప్రభుత్వము సమ్మతించెను. సొమ్ము కావలెను, స్నేహము కావలెను, అమ్మిరి. రష్యావారు కొన్నదానిని విప్పి, లోహము పరీక్షించి, అచ్చుగ్రుద్దినట్లు నిర్మించి, పిదప మెఱుగుపఱచిరి. ఆ నీన్ సంతతి యింజనుతో మిగ్-15 పుట్టెను. 1947 డిసెంబరులో నెగిరినది. 1951లో కొరియా యుద్ధమున ఆస్ట్రేలియా 77వ దళమువారు మీటియర్లతో దిగిరి. డిసెంబరు 1న మిగ్గులు వారిపై విరుచుకుపడి మూడు మీటియర్లను గూల్చెను. పిమ్మట నా దళమును ఆకాశయుద్ధము మాన్పించి, నేలమీది లక్ష్యములపై దాడికి మరల్చిరి. ఇంగ్లండు విమానమును ఇంగ్లండు యింజను బిడ్డయే యోడించెను! 1955 సెప్టెంబరులో ఇస్రాయేలు మీటియరు ఈజిప్టువారి వాంపైర్ విమానములు రెంటిని గూల్చెను. కూల్చినదియు కూలినదియు నింగ్లండు సొత్తే, చచ్చినవారు వేఱుదేశమువారు. ఆయుధముల యంగడికి స్వపరభేదము లేదు.

మనకథకు వత్తము. 1948 నవంబరులో మన వాయుసేనకు దొరకిన తొలి జెట్టులు మీటియరు సోదరియగు ఆ వాంపైర్ విమానములే. కొనుట తప్పు గాదు. స్వాతంత్ర్యము వచ్చి యేడాది దాటినది. కాశ్మీరమున యుద్ధము సాగుచున్నది. ఇంటి కప్పు కాలుచుండగా బావి త్రవ్వుచు గూర్చుండలేము. పైగా 1940లో వాల్‌చంద్ హీరాచంద్ మైసూరు సంస్థానముతో గలిసి బెంగుళూరున స్థాపించిన హిందూస్థాన్ విమానకర్మాగారము అనుమతిపత్రముతో వాంపైర్లను మన చేతులతో నిర్మించినది. కాని యొరుల చిత్రపటము జూచి కట్టుట వేఱు, చిత్రపటము గీయుట వేఱు. 1961 జూన్ 17న మన మారుత్ విమానము ఎగిరెను. కుర్ట్ టాంక్ అను జర్మను నిపుణుని నాయకత్వమున మనవారు దీర్చిన యా విమానము సొంపైనది. ధ్వనివేగమును మించుటకు దలపెట్టినది. ఇంజనో? ఇంగ్లండువారి ఆర్ఫియస్. బార్నాల్డ్స్‌విక్‌లో వెల్లాండ్‌ను గుదుర్చుకొనిన ఆ హూకరే బ్రిస్టల్ సంస్థలో జేరి దీనిని గల్పించెను. మారుత్‌కు దానికంటె బలమైన రకము కావలసియుండెను. ఇంగ్లండు దాని నిర్మాణమును మానుకొనెను. ఖర్చు భరించుటకు మన ప్రభుత్వమును ముందునకు రాలేదు. మారుత్ 1971 యుద్ధమున రాజస్థాను సరిహద్దున బాగుగ బనిచేసినను, తలపెట్టిన వేగము నందుకొనలేకయే విశ్రమించెను. ఐదు పౌనుల కథ మన యింటను జరిగినది. సంఖ్య మాత్రము వేఱు.

ఆ పిమ్మట 1989లో మన ప్రభుత్వము స్వంత యింజను నిర్మాణమునకు అనుమతించినది. దానికిని నది పేరే పెట్టిరి: కావేరి. అనుకున్నంత బలము రాకపోవుటచే 2008లో దానిని తేజస్ విమానము నుండి వేఱుచేసిరి. తేజస్ 2001లో నెగిరినది అమెరికా యింజనుతో. దీనిని జూచి పకపక నవ్వువారు గలరు. వారికి నేను విట్టిల్‌ను జూపుదును. పేటెంటు నుండి మీటియరు యుద్ధసేవవరకు పదునాలుగేండ్లు పట్టినది. అందు సగము నిర్లక్ష్యమున బోయినది. పారిశ్రామిక విప్లవమునకు బుట్టినిల్లైన దేశపు గతి యిది. ఓడిన ప్రయోగమును ఎగతాళి చేయుట సులభము. ఓటమి నుండి వచ్చిన జ్ఞానమును బారవేయక దాచుకొనుట కష్టము. ఆ కష్టమే దేశభక్తి.

టర్బైను రెక్కను మఱువవద్దంటిని. ఆ రెక్క పని మన హైదరాబాదులో జరుగుచున్నది. 1973లో స్థాపితమైన మిశ్రధాతు నిగమము ఇట్టి వేడికి నిలుచు మిశ్రలోహములను వండుచున్నది. అచటి రక్షణ లోహ పరిశోధనశాలవారు ఒకే స్ఫటికముగ రెక్కను బోతపోయు విద్యను సాధించి, 2021లో హెలికాప్టరు యింజను కొఱకు 60 రెక్కలను బెంగుళూరు కర్మాగారమున కిచ్చిరి. పత్రికలలో నది చిన్నవార్త. నా దృష్టిలో నొక విమానము కొనుగోలుకంటె నది పెద్దవార్త. కొన్న విమానము ఏటేట పాతబడును. నేర్చిన విద్య ఏటేట పదునెక్కును.

విద్యార్థులారా! మీలో నొకడు రేపు ఒక వింత యూహతో నిలువవచ్చును. ఇతరులు దానిని సాధ్యము గాదందురు. విట్టిల్ వలె మీటల కడ నిలువుడు. మీలో మఱియొకడు రేపు ఆ యూహను దీర్పరించు నధికారి కావచ్చును. అతనికి నా విన్నపము మఱింత గట్టిది. నీ యెదుటికి వచ్చిన కుఱ్ఱవాడు పొట్టివాడు కావచ్చును, పనివాని బిడ్డ కావచ్చును, నీ పాండిత్యమునకు లొంగని మాట చెప్పవచ్చును. వాని కాగితమును త్రోసివేయుటకు ముందు, ఆ యైదు పౌనులను దలచుకొనుము. పెరటిచెట్టు మందునకు బనికిరాదను సామెతను మన నిఘంటువులలో మిగులనిండు. మన కార్యాలయములలో మాత్రము మిగులనీయకుడు.